నెల జీతమా, యాప్ మీద డెలివరీనా?

మా చిన్నాన్న కొడుకుల్లో పెద్దోడు కూకట్‌పల్లిలో ఫుడ్ డెలివరీ చేస్తాడు. చిన్నోడు జీడిమెట్లలో ఒక ప్లాస్టిక్ కంపెనీలో షిఫ్టు ఉద్యోగి.

ఏ రోజుకా రోజు చేతికొచ్చే డబ్బు చూస్తే పెద్దోడిదే పైచేయి. వాన కురిసే రాత్రుల్లో ఆర్డర్లూ ఎక్కువ, రేటూ ఎక్కువ. కానీ పెట్రోలు, బండి కిస్తీ, సర్వీసింగు, డేటా ఖర్చు అన్నీ వాడివే. వెనక టైరు అరిగి నున్నగా అయినా, వచ్చే వారం మారుద్దాంలే అని నడిపేస్తుంటాడు. నాకు భయం అక్కడే.

చిన్నోడి పే స్లిప్పులో 12 శాతం పీఎఫ్ కోత ఉంటుంది. కంపెనీ కూడా అంతే వేస్తుంది. జీతం 21,000 లోపు కాబట్టి ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగికీ ఇంట్లోవాళ్లకీ వైద్యం అందించే ప్రభుత్వ బీమా కూడా ఉంది: వాడి వాటా 0.75 శాతం, కంపెనీది 3.25. పోయినేడు పిన్నికి ఆపరేషన్ ఆ కార్డు మీదే అయింది, చేతి నుంచి రూపాయి పడలేదు. అదే పెద్దోడు బండి జారి మణికట్టు విరగ్గొట్టుకుంటే ఆరు వారాలు సంపాదన సున్నా.

సెలవు మాటకొస్తే పెద్దోడికి ఎవరినీ అడిగే పని లేదు. చిన్నోడు పండక్కి ఊరెళ్లాలన్నా సూపర్‌వైజర్ దగ్గర నిలబడాల్సిందే.

2020 సామాజిక భద్రతా కోడ్ గిగ్ కార్మికులను, అంటే పెద్దోడిలా నెల జీతం లేకుండా యాప్‌ల మీద పనిచేసేవాళ్లను, చట్టంలో గుర్తించింది. యాప్ కంపెనీలు టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం వాళ్ల సంక్షేమానికి ఇవ్వాలంది. అయినా ఇంట్లో మందులు వాడే పెద్దవాళ్లుంటే నేను చిన్నోడి దారే పట్టమంటాను. పెద్దోడికీ అదే చెప్పాను. ఆలోచిస్తానన్నాడు.