ఆకులు పంపితే మ్యాపు: ఒక వరి మార్కర్ ల్యాబు సేవపై సమీక్ష

వరి ఆకులు పంపితే డీఎన్ఏ తీసి, ఎస్ఎస్ఆర్ మార్కర్లు (రకాన్ని బట్టి పొడవు మారే చిన్న డీఎన్ఏ ముక్కలు) నడిపి, ఏ జన్యువు ఏ క్రోమోజోమ్ మీద ఎక్కడుందో లింకేజి మ్యాపు గీసిచ్చే సేవ ఇది. వరి పరిశోధన కేంద్రం ఉన్న మార్టేరు చుట్టుపక్కల ముంపును తట్టుకునే వంగడాల మీద పనిచేసేవాళ్లు వాడుకోదగ్గదే. పీసీఆర్ (డీఎన్ఏ ముక్కలకు నకళ్లు పెంచడం) పని శుభ్రంగా ఉంది. తంటా అంతా ఆ తర్వాతే.

ముందు ఆకుల సంగతి. సార్వా వానల్లో కోసిన ఆకును ప్లాస్టిక్ కవర్లో కొరియర్ చేస్తే దారిలోనే చెమర్చి కుళ్లుతుంది. ముక్కల్ని పొడవును బట్టి విడదీసే జెల్ మీద డీఎన్ఏ గీతలా నిలవక పొగలా జారుతుంది. నాలుగు లేత ఆకు ముక్కల్ని కాగితం కవర్లో పెట్టి, వాటి బరువుకు పదింతల, తేమ పీల్చే సిలికా జెల్‌తో పంపండి. నీలం గుళికలు గులాబీకి తిరిగితే మార్చేయాలి.

96 గుంటల ప్లేటులో 94 ఎఫ్2 (సంకరం రెండో తరం) మొక్కలు, రెండు తల్లిదండ్రుల శాంపిళ్లు పెడతారు. ఎఫ్1కు (మొదటి తరం సంకర మొక్కకు) చోటివ్వరు, ఇదే పెద్ద లోపం. తల్లి ముక్క, తండ్రి ముక్క రెండూ ఉన్న హెటెరోజైగస్ మొక్కలో పొట్టి ముక్క బాగా పెరిగి, పొడుగుది మసకబారుతుంది. పక్కన ఎఫ్1 గీతలు లేకపోతే దాన్ని ఒంటి గీతగానే చదివేస్తారు. రెండు ప్లేట్ల 188 మొక్కల్లో పొట్టి గీత, రెండు గీతలు, పొడుగు గీత లెక్కన 47:94:47 రావాల్సిన చోట 68:73:47 వచ్చిందనుకోండి, కై-స్క్వేర్ (రావాల్సినదానికీ వచ్చినదానికీ తేడా కొలత) 14, హద్దు 5.99; హద్దు దాటితే అది కాకతాళీయం అనుకోలేం. ఆ తేడా నిజమైనదైతే పక్క మార్కర్లలోనూ కనబడాలి. ఒక్కదాంట్లోనే ఉంటే చదవడంలో తప్పే.

ఇంకో పరీక్ష ఉంది. మూడు సెంటీమోర్గాన్ల (మ్యాపు దూరం కొలత; ఒకటంటే సుమారు నూటికొక క్రాసింగోవర్) ఎడంలో వరుసగా ఉన్న మూడు మార్కర్లలో మధ్యది మాత్రమే మారాలంటే రెండు వైపులా క్రాసింగోవర్ (జత క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం) జరగాలి: 0.03 × 0.03, అంటే పదివేల గామేట్లలో (బీజకణాల్లో) తొమ్మిది. 188 మొక్కలకు, మొక్కకు రెండు చొప్పున, గామేట్లు 376 మాత్రమే. అలాంటివి అరడజను కనబడితే మ్యాపు ఉత్తినే సాగిందన్నమాట. వరి 12 క్రోమోజోములూ కలిపి 1500 సెంటీమోర్గాన్ల దరిదాపుల్లో ఉండాలి, 2400 వస్తే నమ్మకండి.

స్వర్ణ, ముంపును తట్టుకునే ఎఫ్ఆర్13ఎ రకాల సంకరమైతే సరిచూసుకోవడం తేలిక: ముంపును తట్టుకునే జన్యువు సబ్1, 9వ క్రోమోజోమ్ మీదే పడాలి. ముంపు పరీక్ష ఎఫ్3 (ఎఫ్2 మొక్కల సంతతి) కుటుంబాలపై పెట్టండి, ఒక్క ఎఫ్2 మొక్క చావుబతుకులతో ఏమీ తేలదు.

3 శాతం అగరోజ్ జెల్‌లో పది బేస్‌ల (డీఎన్ఏ అక్షరాల) లోపు తేడా కనబడదు. ముక్కల పొడవును ఇంతకన్నా కచ్చితంగా కొలిచే కేపిల్లరీ యంత్రం పీక్ ఫైళ్లు ఆర్డరుతోపాటే అడగండి, తర్వాత అడిగితే జెల్ ఫోటోలే పంపుతారు.