మూడేళ్లు ఆప్ట్‌తో: దిగని ప్యాకేజీలు, తప్పుదోవ సలహాలు

పది సిస్టమ్‌లు, కొన్నింట్లో ఉబుంటు 22.04, 24.04, రెండింట్లో డెబియన్ 12. నల్గొండలో ఒక ల్యాబ్. పగలు కేబుల్ లైన్ మీద బ్రాడ్‌బ్యాండ్, అది పోతే ఫోన్ హాట్‌స్పాట్. ఈ లినక్స్ సిస్టమ్‌లలో సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు దించి ఎక్కించే కమాండ్ ఆప్ట్. ఇంత వాడాక దాని గురించి తేలింది ఇదే: డౌన్‌లోడ్ ఆగితే తప్పు దాదాపు ఎప్పుడూ దానిది కాదు, కానీ తప్పెక్కడుందో సక్కగా చెప్పడం దానికి రాదు. అసలు సంగతి మధ్యలో 'ఎర్ర్' అని మొదలయ్యే వరుసలో ఉంటుంది. అందరూ చదివేది చివరి వరుస.

404 సంగతే తీసుకోండి. ఇన్‌స్టాల్ కొట్టగానే '404 నాట్ ఫౌండ్' వస్తే ఆ ప్యాకేజీ లోకంలో లేదని కాదు, మన దగ్గరున్న ప్యాకేజీల జాబితా పాతబడిందని. కొత్త వెర్షన్ వచ్చాక సర్వర్‌లో పాత డెబ్ (ప్యాకేజీ) ఫైల్ తీసేస్తారు, మన జాబితా ఇంకా ఆ పాత పేరే అడుగుతుంటుంది. 'సుడో ఆప్ట్ అప్‌డేట్' కొట్టి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే అయిపోతుంది. చివరి వరుసలో మాత్రం 'ఫిక్స్-మిస్సింగ్' వాడి చూడమని కూడా సలహా ఉంటుంది. అది దిగనిదాన్ని తెచ్చిపెట్టదు, వదిలేసి మిగతావి ఎక్కిస్తుంది. దాని జోలికి పోకపోవడమే మేలు.

ఇంతకీ జాబితా ఎందుకు పాతబడింది? నిన్న అప్‌డేట్ కొట్టాం కదా అంటారు. అక్కడే ఉంది నా పెద్ద ఫిర్యాదు. అప్‌డేట్ సగంలో నెట్ పోయి కొన్ని జాబితాలు దిగకపోతే ఆప్ట్ దాన్ని ఎర్రర్ అనదు. వార్నింగ్ గుర్తుగా 'డబ్ల్యూ' పెట్టి, పాతవే వాడుకుంటున్నానని ఒక హెచ్చరిక రాసి, అంతా బాగున్నట్టు సున్నా కోడ్‌తో బయటికొస్తుంది. స్క్రిప్ట్‌లో అప్‌డేట్ వెంట అప్‌గ్రేడ్ పెట్టి ఉంటే అది ఆగదు, ముందుకే పోతుంది. స్క్రిప్ట్‌లలో 'ఆప్ట్-గెట్ అప్‌డేట్' పక్కన '--ఎర్రర్-ఆన్=ఎనీ' తగిలిస్తే అక్కడికక్కడే ఆగుతుంది. 22.04లోనూ పనిచేస్తుంది. ఇది మొదటినుంచీ డిఫాల్ట్‌గా ఉండాల్సింది.

404 ఒక్క ప్యాకేజీకి కాక, ప్యాకేజీలన్నీ ఉండే రిపాజిటరీ మొత్తానికి వచ్చి, 'రిలీజ్ ఫైల్ లేదు' అంటే వెర్షన్ గడువు తీరిందేమో చూడండి. ఎల్‌టీఎస్ (ఏళ్ల తరబడి సపోర్ట్ ఉండేవి) కాని ఉబుంటులకు సపోర్ట్ 9 నెలలే. తర్వాత అవి ఓల్డ్-రిలీజెస్ సర్వర్‌కు మారతాయి.

'హ్యాష్ సమ్ మిస్‌మ్యాచ్' అసలైన తలనొప్పి. దిగిన ఫైల్‌కూ, సంతకం ఉన్న జాబితాలో రాసిన హ్యాష్‌కూ (ఫైల్ మారిందో లేదో తేల్చే గుర్తు) పొత్తు కుదరలేదని అర్థం. మిర్రర్ (అసలు సర్వర్‌కు నకలు) సగం సింక్‌లో ఉన్నా ఇది వస్తుంది, మధ్యలో ఫైళ్లు అందించే ఏదో ప్రాక్సీ సర్వర్ పాత కాపీ అంటగట్టినా వస్తుంది. ముందు ఒక గంట ఆగండి. అప్పటికీ పోకపోతే మిర్రర్ మార్చండి: 24.04లో '/ఈటీసీ/ఆప్ట్/సోర్సెస్.లిస్ట్.డి/ఉబుంటు.సోర్సెస్' ఫైల్ తెరిచి, 'ఇన్.ఆర్కైవ్' అని ఉన్నచోట 'ఇన్.' తీసేసి అసలు సర్వర్‌కు తిప్పడమే. 'ఆప్ట్ క్లీన్' కొట్టి ఊరుకుంటే జాబితాలో వచ్చిన మిస్‌మ్యాచ్ పోదు. అది డెబ్ ఫైళ్లను తుడుస్తుంది గానీ, '/వార్/లిబ్/ఆప్ట్/లిస్ట్స్'లోని అసలు జాబితాలను ముట్టదు. ఆ ఫోల్డర్ మొత్తం తుడవమని చెప్పేవాళ్లు చాలామంది. హాట్‌స్పాట్ మీద ఉంటే ఆ పని చేయకండి, పదుల ఎంబీలు మళ్లీ దించుకోవాలి. రోజు డేటా అయిపోయి స్పీడ్ 64 కేబీపీఎస్‌కు పడితే 30 ఎంబీకి గంట పైనే పడుతుంది. ఎర్రర్‌లో ఏ సర్వర్ పేరుందో ఆ పేరుతో మొదలయ్యే ఫైళ్లు తీసేస్తే చాలు.

అదే హాట్‌స్పాట్‌తో ఇంకో వింత. బ్యాలెన్స్ అయిపోయాక కొన్నిసార్లు ఏది అడిగినా రీఛార్జ్ పేజీయే వస్తుంది. ఆప్ట్ పాపం దాన్నే ఇన్‌రిలీజ్ ఫైల్ (రిపాజిటరీ సంతకం ఉన్న సూచిక) అనుకుని తెరిచి, 'నోడేటా' వచ్చింది, నెట్‌వర్క్‌కు లాగిన్ కావాలా అని అడుగుతుంది. ఆప్ట్ ఇచ్చే సందేశాల్లో తెలివైనది ఇదొక్కటే. బ్రౌజర్ తెరిచి చూస్తే తెలిసిపోతుంది.

'రిలీజ్ ఫైల్ ఈజ్ నాట్ వ్యాలిడ్ యెట్' వస్తే నెట్‌ను తిట్టకండి, గడియారం చూడండి. పాత డెస్క్‌టాప్‌లో సీఆర్2032 బిళ్ల అయిపోయి, కరెంట్ పోయినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంది. ఆ బ్యాటరీ మారిస్తే వదిలే రోగం.

సున్నా శాతం దగ్గర 'కనెక్టింగ్' అని వేలాడుతూ పక్కన కోలన్లతో పొడుగాటి అడ్రస్ కనిపిస్తే ఐపీవీ6 (కొత్త తరం నెట్ అడ్రస్‌ల) దారి మూసుకుపోయినట్టు. '/ఈటీసీ/ఆప్ట్/ఆప్ట్.కాన్ఫ్.డి'లో కొత్త ఫైల్ పెట్టి ఈ రెండు వరుసలు రాయండి:

ఎక్వయర్::ఫోర్స్‌ఐపీవీ4 "ట్రూ";
ఎక్వయర్::రిట్రైస్ "5";

రెండోది తెగిపోయే లైన్లకు. తెగిన ఫైల్ పార్షియల్ ఫోల్డర్‌లో ఉంటుంది, ఆప్ట్ అక్కడినుంచే అందుకుంటుంది. ఈ విషయంలో మాత్రం దానికి పూర్తి మార్కులు.

పది సిస్టమ్‌లకు ఒక్కసారే దించుకోవడానికి ఒక సిస్టమ్‌లో ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ పెట్టాం, అది దిగిన ప్యాకేజీలను దాచి మిగతావాటికి పంచుతుంది. పోర్ట్ 3142. డేటా బాగా మిగులుతుంది, కొత్త లొల్లీ మొదలవుతుంది. హెచ్‌టీటీపీఎస్ రిపాజిటరీలకు '403 కనెక్ట్ డినైడ్' అంటుంది; క్లయింట్ సిస్టమ్‌లలో 'ఎక్వయర్::హెచ్‌టీటీపీఎస్::ప్రాక్సీ "డైరెక్ట్";' అని రాస్తే అవి నేరుగా పోతాయి. క్యాష్‌లోనే ఫైల్ పాడైతే పది సిస్టమ్‌లలోనూ ఒకే హ్యాష్ తప్పు కనిపిస్తుంది. అప్పుడు మిర్రర్ మార్చి లాభం లేదు, క్యాషర్ రిపోర్ట్ పేజీలో స్కాన్ నడిపి చెడిన ఫైల్ తీసేయాలి. ఇక క్యాషర్ ఉన్న సిస్టమ్ ఆగితే మిగతా తొమ్మిదీ 'నో రూట్ టు హోస్ట్' అని కూర్చుంటాయి. ల్యాబ్‌లో ఉన్న ఒక్క యూపీఎస్‌ను అందుకే దానికి తగిలించాం.