ఎనిమిది నిమిషాల తర్వాత వచ్చే గొంతు: ‘విష్ యు వర్ హియర్’తో ముప్పై ఏళ్లు

1991లో కోఠీలోని ఒక దుకాణంలో ఖాళీ క్యాసెట్ ఇచ్చి, డబ్బులు కట్టి ఎక్కించుకున్న ఆల్బమ్ ఇది, పింక్ ఫ్లాయిడ్ అనే బ్రిటిష్ రాక్ బృందానిది. దుకాణంలోని కుర్రవాడు సీడీ పెట్టి, అరవై నిమిషాల క్యాసెట్ ఒక వైపు నిండేదాకా వరుసగా ఎక్కించి, రెండో వైపును ఆ తర్వాతి పాటతో మొదలుపెట్టి ఇచ్చాడు. దాంతో ఆల్బమ్‌కు పేరిచ్చిన నాలుగో పాట ముప్పయ్యో నిమిషం దగ్గర పుటుక్కున తెగిపోయింది. దాని చివరి నిమిషమున్నర నా దగ్గర లేనే లేదు. 1999లో సీడీ కొన్నాక గాని ఆ పాట ఎలా ముగుస్తుందో నాకు తెలియలేదు. 2016లో మళ్లీ అచ్చువేసిన ఎల్పీ కూడా తర్వాత కొన్నాను. మూడు రూపాల్లో, వందలసార్లు విన్న అనుభవంతో రాస్తున్న సమీక్ష కనుక, ఇందులో మెప్పుతో పాటు విసుగు కూడా కనిపిస్తుంది.

మొదట చెప్పవలసింది, ఈ ఆల్బమ్‌కు తొందర లేదు. మొత్తం 44 నిమిషాలకు ఐదే పాటలు. వాటిలో ‘షైన్ ఆన్ యు క్రేజీ డైమండ్’ అనే ఇరవై ఆరు నిమిషాల రచనను రెండు ముక్కలు చేసి, ఒకదాన్ని మొదట, ఇంకొకదాన్ని చివర పెట్టారు. మొదటి ముక్కలో మనిషి గొంతు వినబడేసరికి ఎనిమిదిన్నర నిమిషాలు దాటుతుంది. కర్ణాటక సంగీతం తప్ప ఇంకేదీ వినని మా నాన్నగారు పక్కగదిలో పేపరు చదువుకుంటూ కాసేపు ఓపికపట్టి, “ఒరేయ్, ఆలాపన బాగానే ఉంది గాని, వీడు పల్లవి ఎత్తుకునేదెప్పుడురా?” అన్నారు. ఆయన వెక్కిరింపుగానే అన్నా, ఈ సంగీతాన్ని ఎలా వినాలో నాకు ఆ మాటతోనే తెలిసింది. మొదట కీబోర్డు మీద ఒకే స్వరసంపుటి మంద్రంగా నిలిచి ఉంటుంది. దాని అడుగున గాజు మోగినట్టు సన్నని నాదం ఒకటి వినబడుతుంది. అది నిజంగా గాజుదే. ఇంటి సామాన్లతోనే ఒక ఆల్బమ్ మొత్తం చేయాలని బృందం అంతకుముందు తలపెట్టి వదిలేసిన ప్రయత్నంలో, వైన్ గ్లాసుల అంచుల మీద తడివేలితో రాస్తూ పలికించి దాచిన నాదమది. మన జలతరంగానికి దూరపు చుట్టం అనుకోవచ్చు. దాదాపు నాలుగో నిమిషంలో డేవిడ్ గిల్మర్ గిటార్ మీద నాలుగే నాలుగు స్వరాలు పలికి ఆగుతాడు. మళ్లీ అవే నాలుగు, మళ్లీ నిశ్శబ్దం. ఆ నాలుగు స్వరాలు విన్నందువల్లే ఈ పాట తనలో పుట్టిందని, బృందంలో బేస్ గిటార్ వాయిస్తూ పాటలు రాసే రోజర్ వాటర్స్ చెప్పుకున్నాడు.

ఆ పాట ఎవరి గురించో లోకానికి తెలిసిందే. బృందాన్ని మొదట్లో నడిపించి, పాటలు రాసి, మానసికంగా చితికిపోయి 1968లో బయటికి వెళ్లిన సిడ్ బారెట్ గురించి. 1973 నాటి ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ అంచనాలకు అందనంతగా అమ్ముడుపోయాక, తర్వాత ఏం చేయాలో తోచని నలుగురు 1975 జనవరిలో లండన్‌లోని అబీ రోడ్ స్టూడియోలో కూర్చున్నారు. ఎవరికీ పని మీద మనసు లేదు. పైగా కొత్త మిక్సింగ్ బల్లకు ఇంకా అలవాటుపడని ఇంజనీరు బ్రయన్ హంఫ్రీస్ పొరపాటున కొన్ని ట్రాకుల మీద ప్రతిధ్వని ఎక్కించడంతో, ఎన్నో గంటల పని పాడై మళ్లీ వాయించవలసి వచ్చింది. అప్పటికే కచేరీల్లో వాయిస్తున్న మరో రెండు పెద్ద పాటలను ‘షైన్ ఆన్’కు జతచేస్తే సరిపోతుందని గిల్మర్ అన్నాడు. వాటర్స్ ఒప్పుకోలేదు. ఉన్నదాన్ని రెండుగా చీల్చి, మనుషులు ఎదురుగా ఉండీ మనసుతో లేకపోవడం అనే విషయం మీద నడుమ కొత్త పాటలు పెడదామన్నాడు. అతని మాటే నెగ్గింది. పక్కకు పెట్టిన ఆ రెండూ రూపం మార్చుకుని 1977లో ‘యానిమల్స్’ ఆల్బమ్‌లోకి వెళ్లాయి. ముప్పై ఏళ్ల శ్రోతగా నా తీర్పు వాటర్స్ వైపే. గిల్మర్ మాట విని ఉంటే మూడు మంచి పాటలు దొరికేవి, కానీ ఈ ఆల్బమ్ దొరికేది కాదు.

1975 జూన్‌లో జరిగిన సంఘటన గురించి విననివారుండరు గాని, దాన్ని వదిలేసి ఈ ఆల్బమ్ గురించి రాయడం సాధ్యం కాదు. ‘షైన్ ఆన్’ పనిలో ఉండగా, బాగా లావెక్కి, తలా కనుబొమలూ నున్నగా గీయించుకున్న మనిషి ఒకడు స్టూడియోలోకి వచ్చి కూర్చున్నాడు. ఎవరో సిబ్బంది అనుకుని చాలాసేపు ఎవరూ పట్టించుకోలేదు. వచ్చినవాడు సిడ్ బారెట్. తెలిశాక కన్నీళ్లు ఆగలేదని వాళ్లే చెప్పుకున్నారు. ఎవరు లేరని పాట కట్టారో, అతను ఎదుట కూర్చుంటే ఆనవాలు పట్టలేకపోయారు.

నడిమి పాటల్లో అన్నీ ఒక్కలా నిలవలేదు. ‘వెల్కమ్ టు ద మెషీన్’లో సింథసైజర్ హోరు ఇరవై ఏళ్ల వయసులో నన్ను వణికించింది. ఇప్పుడు ఆ హోరు కొంచెం బడాయిగా అనిపిస్తున్నా, దాని మధ్య ఒంటరిగా మోగే మామూలు గిటార్ మాత్రం ఇప్పటికీ తాజాగా ఉంది. ‘హ్యావ్ ఎ సిగార్’ను నేను తరచు దాటేస్తాను. “ఇంతకీ మీలో పింక్ ఎవరు?” అని అడిగే కంపెనీ పెద్దమనిషిని గేలిచేసే పాట అది. అలా అడిగినవాళ్లు నిజంగానే ఉన్నారట. ఎకసెక్కం ఎంత పదునైనదైనా వందోసారికి మొద్దుబారుతుంది. వాటర్స్ గొంతు అప్పటికి అలసిపోయి ఉండటంతో, పక్క స్టూడియోలో సొంత ఆల్బమ్ పనిలో ఉన్న గాయకుడు రాయ్ హార్పర్ చేత దాన్ని పాడించారు. చాలాకాలం అది కూడా గిల్మరే పాడాడనుకున్నాను.

అట్ట గురించి ఆలస్యంగా తెలుసుకున్నవాణ్ణి. నా క్యాసెట్ మీద బాల్‌పెన్నుతో రాసిన పేరు తప్ప ఏమీ లేదు. అసలు ఎల్పీని లోపలి బొమ్మ కనబడకుండా నల్లటి ప్లాస్టిక్ తొడుగులో పెట్టి అమ్మారు. లోపల, కాలిఫోర్నియాలోని ఒక సినిమా స్టూడియో ఆవరణలో సూటు వేసుకున్న ఇద్దరు చేతులు కలుపుతుంటారు, వారిలో ఒకరు మంటల్లో ఉంటారు. ట్రిక్కు కాదు, స్టంట్‌మ్యాన్‌కు నిజంగానే నిప్పంటించి తీశారు. గాలి తిరగబడి అతని మీసం కాలిందంటారు.

1975 సెప్టెంబరులో విడుదలైనప్పుడు జనం ఎగబడ్డారు. బ్రిటన్‌లో రెండున్నర లక్షల ముందస్తు ఆర్డర్లు వచ్చాయి. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ మొదటి స్థానం దక్కింది. పత్రికలు మాత్రం పెదవి విరిచాయి. లండన్ పత్రిక మెలొడీ మేకర్‌కు ఇందులో ఊహాశక్తి కొరవడినట్టు తోచింది. రోలింగ్ స్టోన్ సమీక్షకుడికి వాయిద్యంలో ఆవేశం కనబడలేదు. ఆ సమీక్షలు పూర్తిగా తప్పని నేననను. ఆవేశం నిజంగానే లేదు. అయితే మనసు పెట్టలేని మనుషులు ఆ సంగతినే దాచకుండా పాట చేస్తే, అందులో ఆవేశం వెతకడమెందుకన్నది నా సందేహం. గిల్మర్, కీబోర్డు వాయించిన రిక్ రైట్ ఇద్దరూ తమ ఆల్బమ్‌లలో తమకు ఇష్టమైనది ఇదేనన్నారు.

వాడుక సంగతికి వస్తే, ఎల్పీ మీద మొదటి వైపు యంత్రపు రొద తర్వాత విందు కోలాహలంతో ముగుస్తుంది. లేచి రికార్డు తిప్పడానికి పట్టే అర నిమిషం నిశ్శబ్దం దానికి బాగా అమరింది. ఆ వెసులుబాటు సీడీలో లేదు. కానీ రెండో వైపు చివర ‘షైన్ ఆన్’లో రైట్ ఒక్కడే రాసిన నెమ్మదైన తొమ్మిదో భాగంలో సూది చిటపటలు సంగీతంతో పోటీపడతాయి కనుక, దాన్ని నేను సీడీ మీదే వింటాను. ఫోనులో వినేవారు పాటల వరుసను కలగలిపే మీట ఆపుకోవాలి. లేకపోతే దీన్ని విన్నట్టే కాదు.

ఇక ఆ తెగిన పాట. అది ఎక్కడో దూరపు రేడియోలోంచి వస్తున్నట్టు బొంగురుగా, సన్నగా మొదలవుతుంది. మొదటిసారి విన్నప్పుడు టేప్‌రికార్డర్ హెడ్ మురికిపట్టిందనుకుని, దూదిని స్పిరిట్‌లో ముంచి శుభ్రంగా తుడిచి మళ్లీ పెట్టాను. మళ్లీ అదే గొంతుజీర. కాసేపటికి దాని పక్కన ఇంకో గిటార్, ఇదే గదిలో కూర్చుని వాయిస్తున్నంత నిండుగా అందుకున్నాక గాని, అది కావాలని చేసిందని అర్థం కాలేదు. రేడియో ముందు కూర్చున్నవాడు దానితో జతకలిపి వాయించుకుంటున్నట్టు గిల్మర్ రెండు గిటార్లూ తానే వాయించాడు. సీడీలో ఎట్టకేలకు విన్న ముగింపులో ఉన్నది ఒట్టి గాలి హోరు. ఎనిమిదేళ్లు ఎదురుచూసింది దీనికా అని నీరసపడ్డాను కూడా. తీరా ఆ గాలిలో ఫ్రెంచ్ జాజ్ విద్వాంసుడు స్టెఫాన్ గ్రాపెల్లీ వయొలిన్ దాదాపు వినబడనంతగా కలిసి ఉందని తర్వాత చదివాను. మన సితార్ రవిశంకర్‌తో కలిసి రికార్డులు చేసిన వయొలిన్ విద్వాంసుడు మెనూహిన్‌తో పనిమీద గ్రాపెల్లీ అప్పుడు అదే భవనంలో ఉన్నాడు. పిలిచి వాయించమన్నారు, డబ్బిచ్చారు, చివరికి అట్ట మీద పేరు కూడా వేయకుండా గాలిలో కలిపేశారు. ఆ వయొలిన్ స్పష్టంగా వినబడే రూపాన్ని 2011లో విడుదల చేశారు. చాలా అందంగా ఉంది. రెండుసార్లు విని, మళ్లీ నా పాత సీడీకే వచ్చేశాను.