ప్రక్రియ మారినా పాత దరఖాస్తు దారి తప్పలేదు, ఒక్కసారి తప్ప

ఆక్టివిటి కుటుంబానికి చెందిన వర్క్‌ఫ్లో ఇంజిన్‌ను (ఒక ప్రక్రియను దశలవారీగా నడిపించే సాఫ్ట్‌వేర్) మా జావా వెబ్ అప్లికేషన్‌లో ఆరేళ్లుగా నడుపుతున్నాను. దాని మీద నాకున్న ఇష్టమంతా డెప్లాయ్‌మెంట్ వల్లే, అంటే మార్పులను సర్వర్‌లోకి ఎక్కించే తీరు వల్లే. మార్చిన ప్రాసెస్ డెఫినిషన్‌ను (ప్రక్రియ దశలు రాసి ఉండే ఎక్స్‌ఎంఎల్ ఫైలు) వార్ ఫైలులో (అప్లికేషన్ మొత్తాన్ని కట్టిన మూట) పెట్టి సర్వర్‌ను మళ్లీ మొదలుపెడితే, అదే కీ (ప్రక్రియ గుర్తింపు పేరు) కింద కొత్త వెర్షన్ చేరుతుంది. కొత్త దరఖాస్తులు దాని మీద మొదలవుతాయి. సగంలో ఉన్నవి తమ పాత వెర్షన్ మీదే చివరిదాకా సాగుతాయి. మా దరఖాస్తులు నెలల తరబడి నడుస్తాయి. అంతకుముందు ఇదంతా డేటాబేస్‌లోని ఒక స్టేటస్ కాలమ్‌తో, అంతులేని షరతులతో నెట్టుకొచ్చాను కనుక ఇది వరంలా అనిపించింది.

ఆ ధీమాతోనే మూడో ఏడు దెబ్బతిన్నాం. కోడ్ శుభ్రం చేస్తూ, ఒక సర్వీస్ టాస్క్ (కోడ్ దానంతటదే నడిచే దశ) పిలిచే జావా క్లాసును వేరే ప్యాకేజీలోకి మార్చాం, దాంతో దాని పూర్తి పేరు మారింది. డెఫినిషన్‌లోనూ పేరు సరిదిద్దాం. పరీక్షలన్నీ నెగ్గాయి. మూడు వారాలు గడిచాక, పాత వెర్షన్‌లో గడువు కోసం కాచుకున్న 30 రోజుల టైమర్లు ఒక్కొక్కటే మోగడం మొదలైంది. ఆ పాత ఎక్స్‌ఎంఎల్‌లో ఉన్నది పాత క్లాసు పేరు; నడుస్తున్న వార్‌లో ఆ క్లాసే లేదు. ఇంజిన్ మూడేసిసార్లు ప్రయత్నించి ఆగిపోయింది. అది వెర్షన్లుగా భద్రపరిచేది డెఫినిషన్‌ను మాత్రమే, అది పిలిచే కోడ్‌ను కాదని ఆ రాత్రి తెలిసింది. అయినా ట్రాన్సాక్షన్ వెనక్కి మళ్లి, సగంలో ఆగిన మార్పులు రద్దవడంతో ఒక్క దరఖాస్తూ పోలేదు, అన్నీ టైమర్ దగ్గరే నిలిచి ఉన్నాయి. కొత్త క్లాసు నుంచి వారసత్వం తీసుకునే ఖాళీ క్లాసును పాత పేరుతో పెట్టి, ఆగిన జాబ్‌లను (ఆ టైమర్ పనులను) మళ్లీ నడిపిస్తే అన్నీ కదిలాయి. ఇప్పుడు డెఫినిషన్లలో క్లాసు పేరుకు బదులు స్ప్రింగ్ బీన్ పేరు (స్ప్రింగ్ అనే జావా ఫ్రేమ్‌వర్క్‌లో ఆ కోడ్‌కు మనం పెట్టుకునే పేరు) రాస్తున్నాం. ఆ బీన్ పేరును మాత్రం ఎవరూ ముట్టుకోరు.

మారని ఫైలును మళ్లీ చేర్చకుండా ఆపే వడపోత కూడా ఉంది, మంచిదే. కానీ అది పోల్చేది బైట్లను. మోడలర్‌లో (ప్రక్రియను బొమ్మగా గీసే పరికరం) ఒక పెట్టెను కాస్త పక్కకు జరిపి సేవ్ చేసినా కొత్త వెర్షనే. మా ప్రధాన ప్రక్రియ 40 వెర్షన్లు దాటింది. అందులో నిజమైన మార్పులు పన్నెండో, పదమూడో.

మాది ఒకే వార్, నాలుగైదు ప్రక్రియలు, పాత పేర్లను కాపాడుకునే ఓపిక ఉన్న చిన్న బృందం. అందుకే నాకు ఇది వదులుకోలేనిదైంది. నిమిషాల్లో ముగిసే పనులున్నవారికి మాత్రం ఒక్క ఈ సదుపాయం కోసం ఇంత ఇంజిన్‌ను తెచ్చిపెట్టుకోమని చెప్పలేను.