డెల్టామెత్రిన్ దోమతెర: దియెల్మో గ్రామంలో తేలిన నిజం

మందు పట్టించిన దోమతెరను రెండేళ్లు వాడి చూసి మంచిదని తేల్చేయడం తొందరపాటు. ఈ మాట అనడానికి నాకు ఆధారం సెనెగల్‌లో, గాంబియా సరిహద్దుకు చేరువలో ఉన్న దియెల్మో అనే చిన్న పల్లె. డాకర్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్, ఫ్రెంచి పరిశోధకులు కలిసి అక్కడ 1990లో మొదలుపెట్టిన మలేరియా అధ్యయనం దశాబ్దాల పాటు సాగింది. ఊరి పక్కనే ఏడాది పొడవునా పారే వాగు, బురదనేల ఉన్నందున అక్కడ దోమలు లేని నెలంటూ ఉండదు. సిబ్బంది రోజూ ఇంటింటికీ వెళ్లి ఎవరికి జ్వరం వచ్చిందో అడిగి తెలుసుకునేవారు. వచ్చినవారి వేలికొన నుంచి రక్తపు చుక్క తీసి, గాజుపలక మీద పరిచి, మైక్రోస్కోపు కింద మలేరియా క్రిములను లెక్కించేవారు. ఒక దోమతెర పనితనాన్ని తెలుసుకోవడానికి ఇంతకంటే నమ్మదగిన చోటు నాకు కనిపించలేదు.

2008 జులైలో ఊరందరికీ డెల్టామెత్రిన్ అనే దోమల మందు పట్టించిన తెరలు ఇచ్చారు. దారాన్ని పట్టుకుని ఉండే డెల్టామెత్రిన్, దోమ వాలగానే దాని కాళ్లకు అంటి చంపుతుంది. ఈ రకం తెర ఇరవై ఉతుకుల వరకు, మూడేళ్ల వాడకం వరకు పనిచేయాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన ప్రమాణం.

మొదటి రెండేళ్లలో ఫలితం అద్భుతం. అంతకుముందు నెలకు ప్రతి వందమందిలో సగటున 5.45 మలేరియా జ్వరాలు నమోదవుతుండగా, 2008 ఆగస్టు నుంచి 2010 ఆగస్టు వరకు ఆ సంఖ్య 0.41కి పడిపోయింది. అధ్యయనం అక్కడితో ఆగిపోయి ఉంటే ఈ తెరకు ఏ వంకా పెట్టలేకపోయేవాళ్లం. కానీ 2010 సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు, అంటే తెరలకు ఇంకా మూడేళ్లు నిండకముందే, జ్వరాలు మళ్లీ 4.57కి ఎగబాకాయి. ఆ ఏడాది పట్టిన, మలేరియాను వ్యాపింపజేసే అనాఫిలిస్ గాంబియే దోమల్లో 37 శాతం డెల్టామెత్రిన్‌ను తట్టుకున్నాయి. మందుకు లొంగకుండా చేసే జన్యుమార్పు 2007లో 8 శాతం ఉండగా 2010 నాటికి 48 శాతానికి చేరింది. నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మరొకటి: ఈ తిరగబెట్టిన జ్వరాలు పదేళ్లు దాటిన పిల్లల్లోనూ పెద్దల్లోనూ అధికంగా కనిపించాయి. చిన్ననాటి నుంచి దోమకాట్లు తింటూ వారు సంపాదించుకున్న రక్షణ, ఆ కాట్లు తగ్గిన కాలంలో సడలి ఉండవచ్చు.

అంతమాత్రాన తెరను తీసిపారేయకూడదు. దియెల్మో పిల్లల్లో 1990లో 87 శాతం మంది రక్తంలో క్రిములుండగా, 2012లో అది 0.3 శాతమే. ఇందులో మలేరియా చికిత్సకు 2006 నుంచి వాడిన ఆర్టెమిసినిన్ మిశ్రమ మందులకు పెద్ద వాటా ఉంది గనుక ఘనత అంతా తెరదే అనలేము. తెర లేకుండా ఆ స్థితికి చేరేవారనీ నేను నమ్మను.

కొనేవారికీ, పంచే అధికారులకూ నా సలహా ఇది. డెల్టామెత్రిన్ ఒక్కటే ఉన్న తెరను, అక్కడి దోమలు ఆ మందుకు లొంగుతున్నాయని పరీక్షించి తెలుసుకున్నాకే ఎంచుకోవాలి. లొంగని చోట క్లోర్‌ఫెనాపిర్ అనే మరో దోమల మందు కూడా కలిసిన తెర మేలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో దాన్ని గట్టిగా సిఫారసు చేసింది. ఏ తెరనైనా మామూలు సబ్బుతో మృదువుగా ఉతికి, నీడలోనే ఆరవేయాలి. చిరుగులు పడితే వెంటనే కుట్టుకోవాలి, మూడేళ్ల గడువు ఇంకా ఉందని కొత్త తెర ఇవ్వడం వాయిదా వేయకూడదు.