మొదటి డార్ట్ కప్ప: పసుపుదా, నీలందా, బుల్లిదా?

మా ఇంట్లో పాయిజన్ డార్ట్ (విషపు బాణం) కప్పలు ఉన్నాయంటే వచ్చినవాళ్లు ముందు పిల్లల్ని టాంక్ దగ్గర్నుంచి వెనక్కి లాగుతారు. విషం గురించి నాకైతే టెన్షన్ లేదు. కొలంబియాలో పసిఫిక్ తీరం వైపు ఉండే ఎంబెరా అనే ఆదివాసీలు వేట బాణాలకు విషం పూసుకున్నది ఫిల్లోబేటిస్ అనే ఒక్క గుంపులోని కొన్ని కప్పలతోనే, మిగతా రకాలన్నిటికీ ఆ పేరు ఊరికే అంటుకుంది. పైగా ఆ విషం అడవిలో తినే చీమలు, మైట్స్ లాంటి చిన్న పురుగుల నుంచి ఒంట్లోకి చేరేదే, కాబట్టి టాంకులో పుట్టి పండు ఈగలు తిని పెరిగిన కప్పకు అది ఉండదు. అడవిలో పట్టుకొచ్చిన దానికి మాత్రం ఏళ్ల తరబడి ఉండొచ్చు, రోగాలు అదనం. అందుకే ఎక్కడ పుట్టిందని అడిగితే నీళ్లు నమిలేవాడి దగ్గర ఎంత చవగ్గా వచ్చినా కొనకండి.

మొదటిసారి కొనేవాళ్లు తికమకపడేది ఎక్కువగా నాలుగు రకాల దగ్గర.

నలుపు మీద పసుపు పట్టీలున్న లూకోమెలాస్ నా ఓటు. వెనిజులా, గయానా వైపుది, సుమారు అంగుళంన్నర ఉంటుంది. అక్కడ ఎండాకాలం వస్తే మొద్దుల కింద, రాళ్ల సందుల్లో నక్కి గడిపే రకం కాబట్టి మనం ఒకటి రెండు రోజులు తేమ విషయంలో తప్పు చేసినా కొంత ఓర్చుకుంటుంది. నేనుండేది టెక్సస్. ఒక జులైలో ఏసీ పోయి, గదిలో మధ్యాహ్నానికే 31 డిగ్రీలు. ఈ కప్పలకు 21 నుంచి 27 మధ్య హాయి, 30 దాటిందంటే ప్రాణం మీదికే. ఫ్రీజర్లో గడ్డకట్టించిన నీళ్ల సీసాల్ని తువ్వాలులో చుట్టి టాంక్ మూత మీద పెట్టి, గంటకోసారి మారుస్తూ రాత్రి దాకా కూర్చున్నాను. నాలుగూ బతికాయి, అందులో నా గొప్పతనం ఎంతో, ఆకుల కింద దూరి కదలకుండా పడుకున్న వాటి తెలివి ఎంతో చెప్పలేను. గుంపుగా పెట్టినా పెద్దగా తగువులాడవు. మగది కూస్తే బెకబెక కాదు, పిట్ట కూసినట్టు సాగుతుంది. పడకగదిలో పెట్టేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోండి.

ఫోటో చూసి మనసు పారేసుకునేది మాత్రం నీలంది, అజూరియస్. దక్షిణ అమెరికాలోని సురినామ్ దక్షిణాన, సిపాలివిని గడ్డి మైదానాల ప్రాంతంలో ఉంటుంది, 1969లో వేరే జాతిగా పేరు పెట్టారు, 2006లో టింక్టోరియస్ అనే పెద్ద జాతిలో కలిపేశారు. రెండంగుళాల దాకా పెరుగుతుంది, బెదురు తక్కువ, మనం ఎదురుగా నిలబడినా వెనక కాలి వేలు టకటకా ఆడిస్తూ ఈగ వెంట పడుతుంది. చూస్తూ కూర్చోడానికి దీన్ని మించింది లేదని ఒప్పుకుంటాను. చిక్కల్లా ఆడవాటితో. రెండు ఆడవి ఒక టాంకులో పడితే ఒకదాని వీపు మీద ఇంకోటి ఎక్కి నేలకేసి అదుముతుంది, ఓడింది తిండి మానేసి చిక్కిపోతుంది. అమ్మేవాళ్లు ఇచ్చేదేమో కొన్ని నెలల పిల్లల్ని, ఆడో మగో తేలడానికి దాదాపు ఏడాది పడుతుంది, అంటే రెండో టాంక్ ఖర్చు ముందే లెక్కలో వేసుకోవాలి. ఒకటే పెంచుకుంటానంటే నీలం బాగానే కుదురుతుంది.

ఆకుపచ్చా నలుపు ఆరాటస్‌ని 1932లో దోమల కోసం హవాయికి తెచ్చి వదిలారు, ఇప్పటికీ అక్కడున్నాయి. గట్టి పిండమే, కానీ సిగ్గెక్కువ, డబ్బు పెట్టి ఆకుల్ని చూస్తూ కూర్చోవాలి.

బుల్లివి, అంటే రానిటోమేయా రకాలు, బొటనవేలి గోరంత ఉంటాయి. వీటిలో పెరూకి చెందిన ఇమిటేటర్ అనే రకం జంటలో తండ్రి తోకకప్పని వీపున మోసుకెళ్లి ఆకు మడతలోని నీళ్లలో వదిలితే, తల్లి వచ్చి దానికి తిండిగా గుడ్డు పెడుతుంది. అదంతా కళ్లారా చూడొచ్చని ఆశపడి మొదటిసారే కొనకండి. మూతలో సన్న సందున్నా జారుకుంటాయి, మూత తీసిన క్షణంలో ఎటు గెంతిందో కూడా తెలీదు, కాస్త పెద్ద ఈగలైతే నోట పట్టవు.

ఏ రకం కొన్నా రోజూ మన పని కప్పతో కాదు, ఈగలతో. ప్లాస్టిక్ కప్పులో బంగాళదుంప పొడి, పంచదార, వెనిగర్, చిటికెడు ఈస్ట్ కలిపి ఎగరలేని ఈగల్ని వదిలితే రెండు వారాల్లో కొత్త తరం వస్తుంది. ప్రతి వారం ఒక కప్పు కొత్తగా మొదలుపెట్టాలి, మానేస్తే రెండు వారాల తర్వాత కప్పలు పస్తు. ఆ ఈగల్ని కాల్షియం, విటమిన్ పొడిలో వేసి పిండిలో దొర్లించినట్టు తెల్లగా చేసి వదలాలి. మా అమ్మ వచ్చినప్పుడు వంటింటి అలమరాలో ఈ కప్పులు చూసి, "ఒరేయ్, ఈగలు రాకుండా మేం జీవితాంతం పళ్లాల మీద మూతలు పెట్టాం, నువ్వు డబ్బులిచ్చి తెచ్చుకుంటున్నావా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇంట్లోవాళ్లు ఈగలకు ఒప్పుకోకపోతే పదేళ్లు, పదిహేనేళ్లు బతికే ప్రాణిని తేవద్దు.

హైదరాబాద్, విజయవాడల నుంచి అడిగేవాళ్లకి: ఇవి సైటిస్ (వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నాయి, భారత వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ, 2024 నిబంధనల ప్రకారం దగ్గరుంచుకుంటే కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి, కాగితాల్లేకుండా "మేం చూసుకుంటాం" అనేవాడిని నమ్మితే ఇరుక్కునేది మీరే. కాగితాలన్నీ ఉన్నా మే నెలలో 43 డిగ్రీల్లో కరెంటు పోతే నా ఐస్ సీసాలు ఓ పూట ఆదుకుంటాయేమో.