మా లడ్డూ హార్నెస్: రెండేళ్ల ఎనిమిది నెలలు వాడాక

మా లడ్డూ బరువు ఆరు కిలోల రెండొందల గ్రాములు. అంత చిన్న కుక్క ఓ మనిషిని కింద పడేసిందంటే ఎవరూ నమ్మరు, కానీ మా అమ్మని పడేసింది. మేముండేది విశాఖలో లాసన్స్ బే కాలనీ. పొద్దున్నే సందు మలుపులో ఓ పిల్లి కనబడింది, ఇది ఒక్కసారిగా దూకింది, అమ్మ చేతికి చుట్టుకున్న తాడు బిగుసుకుని ఆవిడ ముందుకు తూలి గేటు పట్టుకోబోయి మోకాలి మీద పడిపోయింది. అమ్మకి అరవై రెండేళ్లు, అసలే మోకాళ్ల నొప్పులు. దెబ్బ పెద్దది కాదు గానీ ఆ తర్వాత నెలన్నర లడ్డూని బయటికి తీసుకెళ్లనంది. నాకు ఆఫీసు టైమింగులు కుదరక అది ఇంట్లోనే తిరుగుతూ, గుమ్మం దగ్గర కూర్చుని ఏడుస్తూ ఉండేది. హార్నెస్ (మెడకి కాకుండా ఛాతీ, వీపు చుట్టూ వేసే పట్టీలు) సంగతి సీరియస్‌గా పట్టించుకున్నది అప్పుడే.

అది కొని ఇప్పటికి రెండేళ్ల ఎనిమిది నెలలైంది, దాదాపు రోజూ వాడుతున్నాం. కొత్తగా కొన్న వారానికే రాసే రివ్యూలు చదివి నేను రెండుసార్లు మోసపోయాను, అందుకే ఇన్నాళ్లు ఆగి రాస్తున్నా.

ముందు కుక్క సంగతి. మనవైపు అందరూ పామేరియన్ అని పిలిచే తెల్ల బొచ్చు కుక్కల్లో చాలావరకు నిజానికి ఇండియన్ స్పిట్జ్‌లే, మా లడ్డూ కూడా అంతే. ఇలాంటి చిన్న కుక్కలకి గాలిగొట్టం సున్నితంగా ఉంటుంది. అది మాకు తెలియక మూడేళ్ల వయసు దాకా మెడకి బెల్టు వేసే తిప్పాం. తాడు లాగినప్పుడల్లా దగ్గేది. మామూలు దగ్గు కాదు, బాతు అరిచినట్టు గరగరమనే శబ్దం. గొంతులో ఏదో అడ్డం పడిందనుకుని నీళ్లు పట్టేవాళ్లం. ఎక్స్‌రే తీసిన డాక్టరుగారు ఓ కాగితం మీద ఇంగ్లిష్ 'సి' అక్షరాలు వరసగా గీసి చూపించారు. గాలిగొట్టాన్ని తెరిచి ఉంచే మెత్తని ఎముక వలయాలు అలా ఉంటాయట, కొన్ని చిన్న జాతుల్లో అవి బలహీనపడి గొట్టం నొక్కుకుపోతుందట, మెడ మీద ఒత్తిడి పడిన ప్రతిసారీ అది ఇంకా ఇబ్బంది పడుతుందట. "ఇది మొదటి దశే, మందు సంగతి తర్వాత చూద్దాం, ముందు ఈ మెడ పట్టీకి తాడు కట్టడం మానేయండి" అన్నారు. ఆ రోజు ఇంటికొచ్చి దాని మెడ కింద చెయ్యి పెట్టుకుని చాలాసేపు కూర్చున్నా. మూడేళ్లు మా చేత్తోనే నొక్కాం కదా అని.

మొదట కొన్నది దగ్గర్లోని షాపులో మూడొందల యాభైది. వీపు మీద రింగు, ఛాతీకి అడ్డంగా ఓ పట్టీ. దగ్గు వారంలోనే బాగా తగ్గింది, అది నిజం. కానీ లాగడం డబుల్ అయింది. ఎందుకో ఆలోచిస్తే చాలా సింపుల్. జట్కా గుర్రానికి ఛాతీ పట్టీ వేసేది బరువు లాగడానికే. గొంతు నొక్కుకోకుండా ఒళ్లంతా పెట్టి లాగే ఏర్పాటు మనమే చేసి, లాగొద్దు అంటే అదెలా ఆగుతుంది? పైగా ఆ అడ్డపట్టీ భుజం మీదుగా పోవడంతో అడుగు చిన్నగా వేసేది. కాబట్టి వీపు మీద మాత్రమే రింగున్న హార్నెస్ కొని "పనిచెయ్యలేదు" అనేవాళ్లతో నేను ఒప్పుకుంటా. మెడని కాపాడుతుంది, లాగుడుని ఆపదు.

రెండోది, ఇప్పుడు వాడుతున్నది, పదమూడొందల యాభై. ముందునుంచి చూస్తే ఇంగ్లిష్ 'వై' ఆకారంలో ఉంటుంది, భుజాలు ఖాళీగా వదిలేస్తుంది, ఛాతీ మీద ఒక రింగు, వీపు మీద ఒకటి. అసలు విషయం ఆ ఛాతీ మీద రింగే. కానీ దాని దాకా రాకముందే సైజు దగ్గర దెబ్బతిన్నాం. ప్యాకెట్ మీద బరువుని బట్టి సైజు రాసుంది, అది చూసి మీడియం తెప్పించా. వేస్తే బాగానే కనబడింది, ఎందుకంటే దీని బొచ్చు పట్టీల కింద ఉన్న ఖాళీని కప్పేసింది. మూడో రోజు ఓ ఆటో గట్టిగా హారన్ కొట్టేసరికి బెదిరి వెనక్కి వెనక్కి నడిచింది, తల వంచింది, అంతే, ఖాళీ హార్నెస్ నా చేతిలో, కుక్క రోడ్డు మధ్యలో. ఆ నాలుగు సెకన్లు ఇప్పుడు తలుచుకున్నా నాకు గుండె ఆగినట్టే ఉంటుంది. ఇస్త్రీ బండి అతను అడ్డం పడి పట్టుకున్నాడు.

తర్వాత టేపు తెచ్చి, బొచ్చు తడిపి ఒంటికి అణిచి కొలిచా. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టూ నలభై మూడు సెంటీమీటర్లు, మెడ మొదట్లో ముప్పై. స్మాల్ సరిపోయింది. ప్రతి పట్టీ కింద మీ రెండు వేళ్లు పట్టాలి, మూడో వేలు దూరితే వదులే. పొట్ట పట్టీకి, చంకకి మధ్య కూడా రెండు వేళ్ల ఎడం ఉండాలి, లేకపోతే ఒరుసుకుంటుంది. అన్నీ సరిచేశాక ముందు నుంచి మెల్లగా లాగి, వెనక్కి జారి బయటపడుతుందేమో ఇంట్లోనే చూడండి. బయటికెళ్లాక కాదు.

వేసిన వెంటనే నడుస్తుందనుకోకండి. మాది ఈ స్మాల్ మొదటిసారి వేయగానే బొమ్మలా బిగుసుకుపోయి నిలబడింది, పిలిస్తే కళ్లు మాత్రమే తిప్పింది. పది రోజులు ఇంట్లోనే అలవాటు చేశాం. తల దూర్చగానే ఉడికించిన చికెన్ ముక్క, బకిల్ చప్పుడుకి ఇంకో ముక్క. ఇప్పుడు హార్నెస్ కొక్కెం మీంచి తీస్తే చాలు పరిగెత్తుకొచ్చి తనే తల పెడుతుంది.

ఇక ముందు రింగు. తాడు ఛాతీకి తగిలించి ఉంటుంది కాబట్టి కుక్క ముందుకి ఉరికితే తాడు బిగిసి దాని ఒళ్లు పక్కకి, మనవైపు తిరిగిపోతుంది. ముందుకి పోదామనుకుంటే మన మొహం కనబడుతుంది. మొదటి రోజే తేడా తెలిసింది. అంతకుముందు మణికట్టు దగ్గర పీకినట్టుండే బరువు, వేళ్లతో పట్టుకుంటే సరిపోయేంతకి వచ్చింది. ఆ సాయంత్రం అమ్మ చేతికిచ్చి వెనకే నడిచా. సందు చివరిదాకా వెళ్లి తిరిగొచ్చి "ఇదిగో చూడవే, నాతో పాటే నడుస్తోంది" అంది. ఆ మాటకే పదమూడొందల యాభై వసూలైపోయినట్టనిపించింది.

కానీ మూడు వారాల తర్వాత సీన్ మారింది. లడ్డూ తెలివైంది, పక్కకి తిప్పుతోందని తెలుసుకుని పీతలా ఒంటిని వంకరగా పెట్టి లాగడం నేర్చుకుంది. పట్టీ మొత్తం కుడివైపుకి జారిపోయి, చంకలో బొచ్చు ఊడి ఎర్రగా కమిలింది. ఏ వస్తువు కొన్నా చివరికి ఇక్కడికే వస్తుంది: హార్నెస్ లాగే బలాన్ని తగ్గిస్తుంది, లాగే అలవాటుని తగ్గించేది మనమే. నేను చేసింది మూడే పనులు. తాడు బిగుసుకుంటే స్తంభంలా నిలబడిపోవడం, తిట్టకుండా, వెనక్కి గుంజకుండా. తాడు వదులైన క్షణంలో మళ్లీ నడవడం. నా ఎడమకాలి పక్కకి వస్తే ఓ ముక్క పెట్టడం, అదీ కాలి పక్కనే, ముందుకి చెయ్యి చాపి కాదు. మా ఇంటి నుంచి మెయిన్ రోడ్డు మూడొందల మీటర్లు ఉంటుందేమో, మొదటి వారంలో ఆ దూరానికి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. ఆఫీసుకి లేటయ్యేది, ఓపిక పోయేది. అలాంటి రోజుల్లో తాడుని వీపు రింగుకి మార్చేసి, ఇవాళ ట్రైనింగ్ లేదు అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. ముందు రింగు ఉన్నప్పుడు మాత్రం ఒక్కసారి కూడా లాగనిచ్చి ముందుకెళ్లలేదు. ఒకరోజు ఆగి ఒకరోజు వదిలేస్తే అది ప్రయత్నిస్తూనే ఉంటుంది. ఇంట్లో అందరూ ఒకేలా చెయ్యాలి, మా తమ్ముడు వచ్చిన ప్రతి సెలవులకీ మేం రెండు వారాలు వెనక్కెళ్లాం.

నాలుగో నెలకి తాడు వదులుగా వేలాడుతూ నడవడం మొదలైంది. ఇప్పుడు పొద్దున్నే వాకర్ల కోసం బండ్లు ఆపే బీచ్ రోడ్డులో ఓ అరగంట హాయిగా తిరిగొస్తాం. పెదజాలారిపేట వైపు వెళితే మాత్రం ఇప్పటికీ కష్టమే. ఒడ్డున వలలు దులుపుతుంటారు, ఎండుచేపలు ఆరబోసి ఉంటాయి, ఆ వాసనకి ఏ హార్నెస్ పనిచెయ్యదు. అటు వెళ్లాల్సొస్తే నేనే ఎదురు పక్కకి మారతాను. వీధికుక్కల గుంపు ఎదురైనా అంతే, అక్కడ నడక నేర్పే పని పెట్టుకోకుండా ఎత్తుకుని పక్కకి వచ్చేస్తా. వీపు మీద గట్టి పట్టీ ఉండడం వల్ల గభాలున ఎత్తుకోవడం తేలికైంది.

చిన్న కుక్కలకే వచ్చే ఇంకో ఇబ్బంది ఎవరూ చెప్పలేదు నాకు. ఛాతీ రింగు నేలకి జానెడు ఎత్తులోనే ఉంటుంది. తాడు కొంచెం వదులైతే ముందుకాలి కింద నుంచి పోయి చిక్కుకుంటుంది. పెద్ద కుక్కల తాడుకుండే బరువైన ఇనప కొక్కెం తగిలిస్తే అది అడుగడుక్కీ కాళ్లకి కొట్టుకుంటుంది, పట్టీని కిందకి లాగుతుంది. తేలికైన చిన్న కొక్కెం, ఐదడుగుల సన్నటి తాడు తీసుకున్నాక ఆ గొడవ చాలావరకు పోయింది. లాగితే సాగి, బటన్ నొక్కితే ఆగే తాడు మాత్రం దీనికి అస్సలు వాడొద్దు, అది ఎప్పుడూ కొంచెం బిగుతుగానే ఉంటుంది కాబట్టి బిగుసుకోవడానికీ వదులవడానికీ తేడా కుక్కకి తెలియదు.

మన్నిక గురించి. మాది సముద్రం పక్క ఊరు, ఉప్పుగాలికి తలుపు గడియలే తుప్పు పడతాయి. ఎనిమిదో నెలకి ముందు రింగు మీద గోధుమ రంగు మరకలు, ఏడాదికి తాడు కొక్కెం బిగుసుకుపోయింది. బకిళ్లలో ఇసుక చేరి 'టక్' అనే చప్పుడు రాకుండానే మూసుకున్నట్టు కనబడేది, అది చాలా ప్రమాదం. ఇప్పుడు బీచ్ నుంచి రాగానే మంచినీళ్లతో కడిగి నీడన ఆరేస్తున్నా. పద్నాలుగో నెలలో ఛాతీ రింగుని పట్టి ఉంచే కుట్లు ఓ పొద్దున నడుస్తుండగానే తెగిపోయాయి. ఆటో సంఘటన తర్వాత నుంచి హార్నెస్ రింగుకీ మెడ బెల్టుకీ కలిపి ఓ చిన్న తాడుముక్క వేస్తున్నా, మామూలప్పుడు వదులుగా ఉంటుంది, హార్నెస్ చేతికొస్తే అదొక్కటే ఆధారం. ఆ రోజు అదే కాపాడింది. కంపెనీ వాళ్లకి ఫొటోలు పంపితే వారంటీ అయిపోయిందన్నారు. మా సందు చివర చెప్పులు కుట్టే పెద్దాయన నైలాన్ దారంతో అడ్డంగా నిలువుగా నాలుగు వరసలు కుట్టిచ్చారు, అరవై రూపాయలు తీసుకున్నారు. ఆ కుట్టు ఇంతవరకు చెక్కుచెదరలేదు. మీరు కొత్తది కొన్నా వారానికోసారి రింగుల దగ్గర కుట్లు గోటితో గీరి చూడండి.

మెడ బెల్టు పూర్తిగా తీసేయలేదు మేము. ఫోన్ నంబరున్న బిళ్ల దానికే ఉంది. ఆ చిన్న తాడుముక్క తప్ప, నడిపించే తాడు మాత్రం దానికి కట్టం.

బొచ్చు కుక్కలున్నవాళ్లు వెల్క్రో ఉన్నది తీసుకోకండి, తీసినప్పుడల్లా వెంట్రుకలు పీక్కుని వస్తాయి. మాది బకిల్‌దే అయినా చంకల్లో, చెవుల వెనక బొచ్చు ఉండలు కడుతుంది, రోజూ దువ్వాల్సిందే. ఇంటికి రాగానే తీసెయ్యాలి. ఓ వేసవిలో సోమరితనంతో రోజంతా ఉంచేస్తే పట్టీ కింద చెమ్మకి దురద పట్టుకుంది, ఇంకోసారి పొట్ట పట్టీ కింద రెండు పిడుదులు దొరికాయి. మందపాటి మెత్త ఉన్నది చూడ్డానికి బాగుంటుంది గానీ మన ఉక్కపోతకి, వానాకాలానికి పనికిరాదు. తడిస్తే రెండు రోజులు ఆరదు, వాసనొస్తుంది. లోపల జాలీ గుడ్డ ఉన్నది మేలు.

మా పెదనాన్నగారు మొదట్లో "చిన్న గొలుసు వేసి రెండుసార్లు గట్టిగా గుంజు, అదే దారికొస్తుంది" అన్నారు. ఆయనది ప్రేమే, వాళ్ల కాలంలో అలాగే పెంచారు. కానీ నేను ఆ ఎక్స్‌రే చూశాను. గుంజితే బిగిసే గొలుసుని ఆరు కిలోల కుక్క మెడకి వెయ్యడం నా వల్ల కాదని ఆయనకే చెప్పా, తర్వాత ఆయనా ఒకరోజు లడ్డూని తిప్పి తెచ్చి ఇంకేం అనలేదు.

దగ్గు పూర్తిగా పోలేదు. సంతోషంతో గెంతినప్పుడు, బాగా ఉక్కగా ఉన్నప్పుడు ఇప్పటికీ వస్తుంది. హార్నెస్ జబ్బుని నయం చెయ్యదు. అయితే ఒకప్పుడు ప్రతి వాకింగులో వినబడేది ఇప్పుడు నెలకి రెండు మూడుసార్లే. బరువు పెరగనివ్వొద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు, అది కూడా పాటిస్తున్నాం.

ఐదుకి నాలుగు ఇస్తా. పోయిన ఒకటి ఆ కుట్లకీ, తుప్పుకీ. పిల్ల కుక్కలకి మాత్రం ఇంత ఖరీదుది ఇప్పుడే వద్దు, రెండు నెలల్లో పట్టదు. పోయిన నెల ఇదే మోడల్ రెండోది కొన్నాం, ఒకటి ఆరుతుంటే ఇంకోటి వాడ్డానికి, ఈసారి స్టీల్ రింగులు అని రాసుంది. రాగానే వాడకముందే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లి రింగు చుట్టూ ఆ నాలుగు వరసలు కుట్టించా. ఇప్పుడు రేటు ఎనభై రూపాయలు.